గీతకి అటూ ఇటూ

ఏ పొయ్యి మీద వండితేనేం, అన్నం ఉడికితే చాలదా అనేది మగవారి మాట. ఊది ఊది కళ్లు మండినవాళ్లని అడగండి, పొయ్యికీ పొయ్యికీ తేడా చెబుతారు. 1999లో దీపం పథకం వచ్చి డ్వాక్రా సంఘాల్లోని పేదవాళ్లకు డిపాజిట్ లేకుండా గ్యాసు కనెక్షన్ ఇచ్చినప్పుడు, అది ఆడమనిషి పేరున రావడమే నాకు అన్నిటికన్నా నచ్చింది. 2016 నాటి ఉజ్జ్వలదీ అదే పద్ధతి.

2024 నవంబరు 1న దీపం-2 మొదలైంది. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఉచితమన్నాక అర్హత ఉండాలి కదా! గ్యాసు కనెక్షన్, ఆధార్, బియ్యం కార్డు. ఆ కార్డుకి మళ్లీ 2019లో పెట్టిన కొలతలు: నెలాదాయం పల్లెలో పదివేలు, పట్నంలో పన్నెండువేలు దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, కరెంటు నెలకి 300 యూనిట్లు మించకూడదు. సొంతానికి కారుండకూడదు. (పెనుకొండ పక్కనే కార్లు తయారవుతున్నాయి. చెయ్యొచ్చు, కొనకూడదు!)

గీత గీయడమే తప్పని నేననను. గీత లేకపోతే వరసలో ముందు నిలబడేది మేడలవాళ్లేనని మనకి తెలియందా? నా పేచీ అల్లా అది దేన్ని కొలుస్తోందన్నదే. పెనుకొండ మెట్టలో పన్నెండెకరాలున్నా, వాన ముఖం చాటేసిన ఏడు వేరుశనగ విత్తనాల డబ్బులైనా తిరిగి రావు. గీత ఎకరాలు చూస్తుంది, వాన చూడదు. ధర్మవరంలో భర్త పోయిన ఒకావిడ తన పాతింట్లో రెండు వాటాలు నేతపనివాళ్లకి అద్దెకిచ్చిందనుకోండి. మీటరు ఒక్కటే, ఆవిడ పేరునే. మూడు సంసారాల దీపాలూ ఫ్యాన్లూ ఆవిడ ఐశ్వర్యం కింద జమ!

ఇంకో చిక్కు. పథకం మొదలైనప్పటి పద్ధతి ప్రకారం ముందు సిలిండరు ధర అంతా కట్టాలి, 48 గంటల్లో డబ్బు ఖాతాలో పడుతుంది. మనకైతే రెండు రోజులు ఎంతలోకి? హిందూపురంలో చింతపండు గింజలు తీసే కూలికెళ్లే మనిషి ఆ ఎనిమిది వందల చిల్లర ఎక్కణ్ణించి తెస్తుంది? వడ్డీకి తెస్తుంది. ఉచితం అందుకోవడానిక్కూడా చేతిలో కాస్త ఉండాలన్నమాట.

అనర్హులకి ఒక సిలిండరు పోతే పొరపాటు. అర్హురాలికి అందకపోయినా పొరపాటే. కానీ రెండూ ఒకే తూకం కావు. మొదటిదానికి ఖజానాలో ఎనిమిది వందలు తగ్గుతాయి. రెండోదానికి ఒకావిడ కొడవలి పట్టుకుని మళ్లీ కంపకట్టెలకి బయల్దేరుతుంది. చలికాలంలో పిల్లల నీళ్లు కాగాలన్నా అవే.