గుంపుకు నేరం కట్టవచ్చునా?

వ్యక్తి తప్పు చేస్తే విచారించడానికి న్యాయస్థానాలున్నాయి. గుంపు తప్పు చేసిందంటే అర్థమేమిటి? పదిమంది కలిసి నడుస్తుండగా ఒక ప్రాణం పోతే ఆ పాపాన్ని పదిమందికీ పంచవచ్చునా? ఇది ఉత్త తర్కానికి సంబంధించిన ప్రశ్న కాదు. లండన్ నగరపు తూర్పు భాగంలో, బెత్నాల్ గ్రీన్ భూగర్భ రైలు స్టేషన్ మెట్లమీద, ఈ ప్రశ్న 173 ప్రాణాలు పోయిన తర్వాత తలెత్తింది.

అది కష్టజీవుల పేట. యుద్ధం వచ్చేనాటికి ఆ స్టేషన్ నిర్మాణం ఇంకా పూర్తి కాలేదు. 1940 సెప్టెంబరులో జర్మన్ విమానాలు లండన్‌మీద బాంబులు కురిపించసాగినప్పుడు, భూగర్భ స్టేషన్లలో తలదాచుకోవడానికి ప్రభుత్వం మొదట సమ్మతించలేదు. దిగిన జనం మళ్ళీ పైకి రారేమోనని పాలకుల శంక. జనం ఆ నిషేధాన్ని లెక్కచెయ్యలేదు. టిక్కెట్లు కొని, లోపలికి దిగి, ప్లాట్‌ఫారాలమీదనే పడుకున్నారు. త్వరలోనే ప్రభుత్వం తలవంచక తప్పలేదు. తెల్లవారగానే ఆ జనమే లేచి పనుల్లోకి పోయారు. జనాన్ని గురించి పాలకులు అల్లుకున్న మొదటి సిద్ధాంతం అలా కూలిపోయింది.

ఇక రెండవ సిద్ధాంతం సంగతి. 1943 మార్చి 1న బ్రిటిష్ విమానాలు బెర్లిన్‌మీద తీవ్రంగా దాడి చేశాయి. ప్రతీకారం తప్పదని లండన్ ప్రజలు ఎదురుచూస్తున్నారు. మార్చి 3 రాత్రి 8 గంటల 17 నిమిషాలకు సైరన్ మోగింది. స్టేషన్‌లోకి దిగడానికి ఉన్నది ఒకే ద్వారం. అక్కడ 19 మెట్లు. వెలుతురు బయటికి పొక్కరాదన్న ఆంక్షవల్ల ఒక్క మసక బల్బు. నడుమ పట్టుకోవడానికి కమ్మి లేదు. ఇంతలో సమీపంలోని పార్కులోనుంచి కొత్తరకం విమాన విధ్వంసక రాకెట్లు ఒక్కుమ్మడిగా పేలాయి. జనానికి పరిచయంలేని చప్పుడది. వెనకనున్నవారు త్వరపడ్డారు. అడుగు మెట్ల దగ్గర బిడ్డనెత్తుకున్న ఒక స్త్రీ పడిపోయింది. ఆమెమీద మరొకరు పడ్డారు. క్షణాల్లో దాదాపు 300 మంది ఆ ఇరుకులో చిక్కుకున్నారు. 27 మంది పురుషులు, 84 మంది స్త్రీలు, 62 మంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు. ఆ రాత్రి ఆ పేటమీద ఒక్క బాంబైనా పడలేదు.

విచారణ జరిపిన మేజిస్ట్రేటు లారెన్స్ డన్, యూదులమీద కొందరు పుట్టించిన వదంతిని నిర్ద్వంద్వంగా ఖండించాడు. అది మెచ్చుకోదగిన పని. కాని దుర్ఘటనకు ముఖ్యకారణం కొందరు నిగ్రహం కోల్పోవడమేనని తేల్చాడు. ద్వారం దగ్గర గట్టి గోడ కట్టుకుంటామని 1941లోనే స్థానిక పాలకవర్గం కోరింది. అది వృథా ఖర్చని పై అధికారులు త్రోసిపుచ్చారు. ఈ సంగతి జనానికి తెలియలేదు. యుద్ధం పేరు చెప్పి నివేదికను 1945 దాకా బయటపెట్టలేదు.

నిగ్రహం కోల్పోవడమంటే ఏమిటో కొంచెం ఆలోచిద్దాం. పై మెట్టుమీద ఉన్న మనిషికి కింద పడినవారు కనిపించరు. చుట్టూ చీకటి, వెనక భయంకరమైన మోత, చంకన బిడ్డ. అతడు ఒక్క అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగులో దోషమేది? విడివిడిగా దోషంలేని అడుగులన్నీ కలిసి మృత్యువయ్యాయి. ఆపద మొత్తాన్ని చూడగల అవకాశం ఎవరికుందో బాధ్యత అక్కడ ఉంటుంది. ఆ అవకాశం మెట్లమీది మనిషికి లేదు.

ఐతే, ప్రతి తప్పునూ పరిస్థితులమీదికి నెట్టివేస్తే మనిషికి నీతి ఏం మిగులుతుందని భావవాదులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. మనలో కూడా కొందరు పరిస్థితులన్న మాటను మంత్రంలా వాడి ఊరుకుంటారు. కాని పరిస్థితులు ఆకాశంనుంచి ఊడిపడవు. వాటిని నిర్మించేదీ మనుషులే. ఖర్చు వృథా అని కాగితంమీద రాసిన చెయ్యి ఏ చీకట్లోనూ లేదు. దాన్ని వెనకనుంచి ఎవరూ నెట్టలేదు. దానికి ఆలోచించుకునే తీరిక ఉంది. నీతిశాస్త్రం నిలదీయవలసింది ఆ చేతిని.

ఫాసిజాన్ని ఓడించవలసిన యుద్ధంలో రహస్యం అవసరం కాదా అన్న వాదానికి కొంత బలముంది. కాని ఆ రహస్యం మోసిన బరువెవరిది? బిడ్డలను పోగొట్టుకుని బతికి బయటపడ్డవారు, తప్పు తమ పాదాలదేనేమోనని కుమిలిపోవలసిన స్థితి ఏర్పడింది. 1944లో ఒక బాధితురాలు వేసిన దావాలో, నిర్లక్ష్యం స్థానిక పాలకవర్గానిదని న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ విచారణ కూడా తలుపులు మూసే జరిగింది.

మన భాషలో ఇటువంటి దుర్ఘటనకు తొక్కిసలాట అని పేరు. 2015 జూలై 14న రాజమహేంద్రవరం పుష్కరఘాట్‌లో 27 మంది చనిపోయినప్పుడూ ఆ మాటే వాడాం. ఆ మాటలోనే ఒక తీర్పు దాగి ఉంది: తొక్కినవాడు నేరస్థుడు, చచ్చినవాడు దురదృష్టవంతుడు. దారి వేసినవాడు, ఆ దారికి ఎంతమంది వస్తారో లెక్క చూడవలసినవాడు ఆ మాటలో ఎక్కడా కనిపించరు.

బెత్నాల్ గ్రీన్ మెట్లకు దుర్ఘటన తర్వాత నడుమ కమ్ములు వేశారు. 1946 డిసెంబరులో అక్కడ రైళ్ళు నడవసాగాయి. ఈనాటికీ ఉదయం సాయంత్రం జనం కిక్కిరిసి, తొందరపడుతూ, ఆ మెట్లు దిగుతూనే ఉన్నారు. జనస్వభావం మారలేదు. మెట్లు మారాయి. మారవలసినవి ఏవో ఆనాడు కమ్ములు వేసినవారికి తెలుసు.