పాపం ఎవరి పద్దులో?

పాపపుణ్యాల విషయంలో మన లెక్కలు మహా విచిత్రంగా ఉంటాయి. పుణ్యం చేస్తే "నేను చేశాను" అంటాం. గుడికి ఫ్యాను ఇస్తే రెక్కల మీద పేరు రాయించుకునేదాకా నిద్ర పట్టదు. పాపం దగ్గరికొచ్చేసరికి మాత్రం కర్త మాయమైపోతాడు. "చెట్టు కొట్టేయబడింది", "కోడి కోయబడింది" అంటాం. ఎవరు కొట్టారు? ఎవరు కోశారు? ఎవరికీ తెలీదు. వ్యాకరణం మనిషికి చేసిన ఉపకారాల్లో కర్మణి ప్రయోగం ఒకటి!

ఈమధ్య ఈ లెక్క నా ముందుకి ఒక కుక్క రూపంలో వచ్చింది.

మా అక్క కొడుకు అమెరికాలో ఉంటాడు. పుట్టి పెరిగింది మాత్రం బోధన్ శక్కర్ నగర్‌లో. వాడికో లాబ్రడార్ కుక్క ఉంది. తోటి ఉద్యోగులు ఫెజెంట్ పిట్టల వేటకి, "టవర్ షూట్"కి పిలిచారట. వాడు తుపాకీ పట్టుకోడు. రాలిన పిట్టల్ని కుక్కచేత తెప్పించాలి, అంతే. మొదటిసారి కదా, మూడు నెలలుగా దానికి తర్ఫీదు ఇస్తున్నాడు. ఫోనులో ఇదంతా చెప్పి చివర్న అడిగాడు: "నేను కాలుస్తలేను చిన్నమ్మా. కుక్క చంపుతలేదు. తెచ్చిస్తది, గంతే. మాకేమన్న పాపం అంటుతదంటవా?"

నవ్వుతూనే అడిగాడు. కానీ మనసులో గుచ్చుకోని ప్రశ్నని అంత దూరం నుంచి ఎవరూ అడగరు. "ముందు ఆ వేటేమిటో వివరంగా చెప్పరా" అన్నాను.

ఫెజెంట్ అంటే మన కోడి, నెమలి కుటుంబంలోదే. పొడుగు తోక, పుంజుకి మెడ చుట్టూ తెల్లటి పట్టీ ఉంటాయి. అమెరికాకి పుట్టుకతో చెందిన పిట్ట కాదు. 1880లలో చైనా నుంచి తెచ్చి ఆరెగాన్ రాష్ట్రంలో వదిలితే అక్కడ స్థిరపడింది. టవర్ షూట్‌కి అడవిలో తిరగనక్కర్లేదు. పెంచిన పిట్టల్ని బుట్టల్లో పెట్టి ఎత్తయిన మంచె మీదికి చేరుస్తారు. చుట్టూ దూరంగా తుపాకులతో వలయంలా నిలబడతారు. పైనుంచి పిట్టల్ని వదులుతుంటారు. కొంతసేపయ్యాక ఒక్కొక్కరూ పక్క స్థానానికి జరుగుతారు. అందరికీ సమానావకాశం ఉండాలి కదా, పిట్టకి తప్ప!

కుక్కలు తుపాకుల వెనక కూర్చుంటాయి. వాటి చదువు విని నాకు ఆశ్చర్యం వేసింది. మొదట గుడ్డమూట విసిరి తెమ్మంటారు. తర్వాత ఆ మూటకి పిట్ట రెక్కలు కడతారు. ఆ తర్వాత చచ్చి చల్లబడ్డ పిట్ట. తుపాకీ మోత ముందు ఎక్కడో దూరాన వినిపించి, రోజురోజుకీ దగ్గర చేస్తారు. పిట్ట మీద పంటిగాటు పడకూడదు. బిడ్డని ఎత్తుకొచ్చినంత సుతారంగా తేవాలి. ఈ జాతిలో ఆ మెత్తదనం తరాలుగా ఏరి పెంచిన గుణం.

అన్నింటికన్నా కష్టమైన పాఠం తేవడం కాదట, ఆగడం! కళ్ళెదుట పిట్టలు టపటపా రాలుతున్నా, పక్క కుక్క పరుగెత్తుతున్నా, పేరు పెట్టి పిలిచేదాకా కదలకూడదు. మావాడి కుక్కకి తక్కిన పాఠాలన్నీ వచ్చాయి, ఇదొక్కటే రావడం లేదట.

"ఏం మనుషులమ్మా! మన దగ్గర ఇలాంటివి లేవు" అని మీరు అనుకుంటున్నారేమో. మరీ అంత తొందరపడకండి. మా జిల్లా పక్కనున్న పోచారం అడవి ఒకప్పుడు నిజాం నవాబు వేటస్థలం. 1952లో అభయారణ్యమయింది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక కూడా లైసెన్సు తీసుకుని కొన్నింటిని వేటాడే వీలుండేది. 1991 సవరణతో ఆ లైసెన్సులు పోయాయి. కనక మన చేతులు శుభ్రపడి ఎంతోకాలం కాలేదు.

ఇక చెరుకు సంగతి. 1931కి నిజాంసాగర్ పూర్తయింది, 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మొదలైంది. నీళ్ళూ గానుగా రెండూ ఉంటే రైతు చెరుకు వెయ్యకేం చేస్తాడు? ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది కానీ, నా చిన్నప్పుడు చలికాలం వస్తే ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, గాలినిండా బెల్లపు వాసన. చెరుకు నరకడం చేను అంచునుంచి మొదలవుతుంది. లోపలున్న కుందేళ్ళు, కౌజు పిట్టలు, అడవిపందులు వెనక్కి వెనక్కి జరుగుతాయి. చివరికి గదంత మడి మిగులుతుంది. అప్పుడు దాని చుట్టూ కర్రలతో మనుషులు, ఊరకుక్కలు చేరేవాళ్ళు. మంచె లేదన్న మాటేగానీ, వలయం అదే!

అయినా రెంటికీ తేడా ఉంది. అడవిపందుల మంద ఒక్క రాత్రి చేలో దిగితే రైతు ఏడాది కష్టం నేలపాలు. ఊరకుక్కది ఆకలి. కూలివాళ్ళ ఇంట్లో ఆ పూటకి కూర. మంచె దగ్గర పంటా లేదు, ఆకలీ లేదు. ఉన్నది గురి ఒక్కటే. గురిలోని ఆనందం చెడ్డదని నేననను. కానీ ఆనందానికి ప్రాణం ఖరీదుగా పెట్టినప్పుడు, ఆ ఖరీదు కడుతున్నది ఎవరని అడగాలా వద్దా?

మావాడి ప్రశ్నని భారతం ఎప్పుడో అడిగింది. అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుడి మీద కొంగ రెట్ట వేస్తుంది. కోపంగా చూస్తాడు, అది చచ్చి పడుతుంది. తర్వాత భిక్షకి వెళితే ఒక ఇల్లాలు మొగుడికి అన్నం పెట్టి ఆలస్యంగా వస్తుంది. ఉరిమి చూసిన కౌశికుడితో, నేను కొంగని కాను సుమా అంటుంది ఆవిడ! ఆమే అతన్ని మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరికి పంపుతుంది. ఆ వ్యాధుడు స్వయంగా చంపడు. ఇతరులు చంపినదాన్ని అమ్ముతాడు. తాను తినడు. మావాడిలాగే "నాకేం సంబంధం?" అనడానికి అన్ని వీలులూ ఉన్నాయి. కానీ అనడు. తాను చేసే పని ఘోరమైనదే, సందేహం లేదని ఒప్పుకుంటాడు. తర్వాతే ధర్మం బోధిస్తాడు. ఆయన గొప్పతనమంతా ఆ ఒక్క ఒప్పుకోలులో ఉందని నాకనిపిస్తుంది.

మనమో? ఆదివారం పొద్దున నిజామాబాదులో ఏ వీధిలో చూసినా నల్ల కవరు పట్టుకుని ఇళ్ళకు వస్తున్న మగవాళ్ళు కనిపిస్తారు. కోసింది దుకాణంవాడు. తెచ్చింది ఆయన. వండింది మనం. తిన్నది పిల్లలు. ప్రాణం పోయిందని మాత్రం ఇంట్లో ఎవరికీ పట్టింపు లేదు! తినొద్దని నేను చెప్పడం లేదు. పాపాన్ని నలుగురికి పంచితే తలా పావలా వంతు అవుతుందనుకోవడమే పొరపాటు అంటున్నాను. పాపం ఉమ్మడి ఆస్తి కాదు, వాటాలు వెయ్యడానికి. ఎవరెవరు "వద్దు" అనగలిగి అనలేదో, వాళ్ళందరి పద్దులోనూ పూర్తిగా ఎక్కుతుంది.

అందుకే ఆ కుక్క పద్దు ఖాళీ. "వద్దు" అనే మాట దానికి ఎవరూ నేర్పలేదు. పైగా దెబ్బతిని పొదల్లో పడ్డ పిట్టని అది వెతికి తేకపోతే, ఆ ప్రాణి ఎంతసేపు కొట్టుకుని చస్తుందో! ఒక విధంగా ఆ వలయంలో కనికరమనే పని చేసేది అదొక్కటే. దాన్ని అక్కడికి నడిపించేవాడి సంగతి వేరు. వాడికి నోరుంది.

మావాడితో ఇదే చెప్పాను. "కుక్కకి పాపం లేదురా. నీకుందో లేదో నేను చెప్పను. వెళ్ళదలుచుకుంటే, నేనేమీ చెయ్యలేదు అనుకుంటూ మాత్రం వెళ్ళకు." వాడు కాసేపు మాట్లాడలేదు. "ఇంక ఆలోచిస్త చిన్నమ్మా" అన్నాడు.

తర్ఫీదు గురించి విన్నప్పటినుంచీ నాకు పిల్లల పెంపకం గుర్తొస్తోంది. మార్కులు తెమ్మంటాం, ఉద్యోగం తెమ్మంటాం, ఇల్లు, కారు తెమ్మంటాం. తేవడం అందరికీ చక్కగా నేర్పుతున్నాం. కళ్ళెదుట ఏదో రాలిపడుతున్నప్పుడు, నలుగురూ పరుగెడుతున్నప్పుడు, ఒక్క నిమిషం ఆగి "ఇది నేను చెయ్యాలా?" అని అడుక్కోవడం ఏ క్లాసులో చెబుతున్నారు? కుక్కకి ఆ ఆగడం నేర్పడానికి నెలలు పడుతోందట. మనుషులకి ఎన్నేళ్ళు పడుతుందో, అసలు మనం మొదలుపెట్టామో లేదో, మీరే చెప్పండి.