జంధ్యం ఎప్పుడు చుట్టుకోవాలి?

“డాక్టరు గారూ, ఇది రాత్రింబవళ్లు కారుతూనే ఉంటుంది గదా. మరి జంధ్యం చెవికి ఎప్పుడు చుట్టుకోమంటారు?”

గుంటూరు కొత్తపేటలో మూత్రవ్యాధులు చూస్తూనే నా తల నెరిసింది. రాయి మళ్లీ వస్తుందా, బీరు తాగితే కరుగుతుందా అని అడిగేవాళ్లే అందరూ. (కరగదు.) ఇంత గట్టి ప్రశ్న నన్నింకెవరూ అడగలేదు. అడిగినాయన బాపట్ల వైపు ఒక పల్లెలో వైష్ణవాలయం అర్చకులు, డెబ్బై దాటినవారు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ఒకరాత్రి ఒంటికి పూర్తిగా బందయింది. పైపు వేస్తే లీటరు పైగా వచ్చింది. మామూలుగా అయితే కొన్నాళ్లు టామ్సులోసిన్ ఇచ్చి పైపు తీసి చూస్తాం. అప్పటికీ రాకపోతే మూత్రమార్గం గుండానే వెళ్లి గ్రంథిని చెక్కేస్తాం. కానీ ఆయనకు కొద్దిరోజుల ముందే గుండెలో స్టెంటు పడింది. రక్తం పలచబరిచే మాత్రలు అప్పుడే ఆపడానికి గుండె డాక్టరు ఒప్పుకోలేదు. అంచేత ఆపరేషన్ వాయిదా పడి, పైపు మార్చుకుంటూ నెలలు గడపాల్సొచ్చింది. పంచె కింద తొడకు కట్టిన సంచి.

ఒంటికి కూర్చోబోతూ జంధ్యం కుడిచెవికి చుట్టుకోవాలి, లేచి కాళ్లూ చేతులూ కడుక్కుని ఆచమనం చేశాక దించుకోవాలి. ఆ ఆచారానికి ఒక మొదలూ ఒక చివరా ఉండాలి. పైపు వేసినవాడికి రెండూ లేవు.

మా వార్డులో దీన్ని జోకుగా చెప్పుకున్నారు. నాకు మాత్రం చదువుకున్న పాఠం గుర్తొచ్చింది. ఒంటికి పోయడం మనం చేసే పని అనుకుంటాం గానీ, అందులో మన వాటా చాలా తక్కువ. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్లు వడగట్టి, దాదాపు అంతా తిరిగి నెత్తుట్లోకి పంపేసి, ఏ లీటరున్నరో బయటికి వదులుతాయి. మూత్రపు తిత్తిలో 150, 200 మిల్లీలీటర్లు చేరేసరికి కబురు తెలుస్తుంది. 400 దాటితే కూర్చోనివ్వదు. తిత్తిని పిండే కండరం మన మాట వినే రకం కాదు. దాన్ని నడిపే కేంద్రం మెదడు కాండంలో ఉంటుంది, పసిబిడ్డకు కూడా అది తన పని తాను చేసుకుపోతుంది. రెండు మూడేళ్ల వయసులో మనం నేర్చుకున్నది ఆపుకోవడం ఒక్కటే. పెద్దయ్యాక చేసేదల్లా ఆ ఆపుదలను కాసేపు సడలించడం. చెరువు నింపేదీ, నీళ్లను పల్లానికి పారించేదీ నీరటికాడు కాదు. తూము తలుపు వరకే అతని అధికారం.

జంధ్యం చెవికెక్కేది ఆ తలుపు తీసే క్షణానికే. ఇది మనిషి ఎరిగి చేస్తున్న పని అని ఆచారం అక్కడ గుర్తు పెట్టింది. మేం వేసే పైపు ఆ తలుపునే పీకేస్తుంది. పైపు కొసన ఉన్న బుడగలోకి నాలుగు చుక్కలు నీళ్లెక్కించి జారకుండా నిలబెట్టామా, ఇక తిత్తిలో చేరింది చేరినట్టే సంచిలోకి దిగుతుంది. మరి అప్పుడు కర్త ఎవరు?

నాకు గీత కొంచెం వచ్చు. చూడటం, వినడం, తినడం, నిద్రపోవడం, ఊపిరి తీయడం, ఇవన్నీ ఇంద్రియాలు చేసుకుంటున్న పనులే, నేనేమీ చేయడం లేదని తత్త్వం తెలిసినవాడు అనుకుంటాడని ఐదో అధ్యాయంలో ఉంది. ఆ వరసలో వదలడం కూడా ఉంది. అది మలమూత్రాల సంగతేనని కొందరు వ్యాఖ్యాతలు చెబుతారు. మా శాఖకు గీతలో ఆ మాత్రం చోటు దక్కింది. ఇదంతా పెద్దాయనకు చెప్పి, మీరు చెయ్యని పనికి జంధ్యం ఎందుకండీ అన్నాను. ఆయన పంచె సర్దుకుని, “బాగా చెప్పారు బాబూ. కానీ ఆ మాట జ్ఞానికి. నేను అర్చకుణ్ణి” అన్నారు.

నా తర్కం అక్కడ ఆగింది. ఆగాల్సిందే కూడా. జ్ఞాని మెట్టు ఎక్కకుండానే ‘నేను చేయలేదు’ అనేయడం చాలా సుఖమైన వేదాంతం. అప్పు ఎగ్గొట్టేవాళ్లకూ అది నోటికొచ్చు.

ఆయన బాధ ఇంకోటి. ఒంట్లోంచి జారిపడిన మలాలు మైల అంటాడు మనువు. పన్నెండు మలాల పట్టికలో మూత్రం ఉంది. లోపల ఉన్నంతసేపూ దాన్నెవరూ లెక్కపెట్టరు, లెక్కపెడితే గర్భగుడిలోకి అడుగుపెట్టే నరుడే ఉండడు. మరి సంచిలో ఉన్నదో? ఒంటి బయటే ఉంది, కానీ గాలి సోకలేదు, నేల తాకలేదు. తిత్తి నుంచి సంచి దాకా ఎక్కడా తెగని దారి. మా సిస్టర్లు ఆ దారికి పట్టే మడి ఇంకా గట్టిది. సంచి తిత్తికంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు, అతుకు విప్పకూడదు, ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు కడగాలి. తేడా వస్తే ఇ.కోలై ఎక్కి చలిజ్వరం. మా మడిలోనూ సిద్ధాంతాలు మారాయి లెండి. ఆరోగ్యంగా ఉన్న తిత్తిలో సూక్ష్మజీవులే ఉండవని మేం చదువుకున్నాం. అది నిజం కాదని గత పదిహేనేళ్లలో తేలింది.

నన్నడిగితే ఆ సంచి ఒంట్లో భాగమే. డయాలిసిస్ యంత్రంలో తిరుగుతున్నంతసేపూ ఆ నెత్తురు రోగిదే గదా. పెద్దాయన ఔననలేదు, కాదనలేదు. ఒక పండితుడు ఆపద్ధర్మం అన్నారట, ఇంకొకరు గ్రంథం చూసి చెబుతానని ఇంతవరకూ చెప్పలేదట. ఆ నెలలన్నీ ఆయన జంధ్యం చెవికి చుట్టుకునే తిరిగారు. ముఖమండపంలో కూర్చుని తను మంత్రం చెబితే లోపల కొడుకు అర్చన చేశాడు. సంధ్యావందనానికి మాత్రం దించుకునేవారు. అదెలా కుదిరిందని అడగబోయి ఊరుకున్నాను.

అదే రోజుల్లో లాలాపేట నుంచి ఒక దర్జీ వచ్చేవారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక ఒంటేలు నిలవడం లేదు. ఆయనకు జవాబు ఎప్పుడో సిద్ధంగా ఉంది. హనఫీ ధర్మశాస్త్రంలో ఇలాంటివారిని మాజూర్ అంటారు. నమాజుకు ముందు చేసుకునే శుద్ధి వజూ. అది చేసుకుని నమాజు చదివేంత ఎడం కూడా ఇవ్వకుండా ఒక నమాజు వేళ మొత్తం కారుతూనే ఉంటే, ఆ తర్వాత వేళకొక వజూ చాలు. ఆ వేళ ముగిసేదాకా ఆ కారడం వల్ల వజూ పోదు. “నమాజు సంగతి ఇమామ్ సాబ్ చెప్పేశారు సార్, మీరు లీకేజీ చూడండి” అన్నారాయన.

యూదులకైతే ఒంటికి వెళ్లొచ్చాక చదివే ప్రార్థనే ఉంది. మనిషిలో రంధ్రాలూ గొట్టాలూ చేసినవాడికి స్తోత్రం, వాటిలో ఒకటి మూసుకున్నా ఒకటి తెరుచుకున్నా నిలవలేమని దాని భావం. తాల్ముద్‌లో ఉంది. మూసుకోవడం, తెరుచుకోవడం, మా ఓపీ సగం ఆ రెండే. పెద్దాయనకు చెబితే ముచ్చటపడ్డారు.

ఏమీ అడగనిది ఆడవాళ్లు. దగ్గితే, తుమ్మితే, బిందె ఎత్తితే చుక్క పడుతుంది. కాన్పుల తర్వాత కటి కింద కండరాలు సడలి వచ్చే బాధ. దానికి వ్యాయామాలున్నాయి, మూడు నెలలు వదలకుండా చేస్తే చాలామందికి తగ్గుతుంది. తగ్గనివాళ్లకు మూత్రనాళం కింద సన్నని టేపు వేస్తాం. కానీ వాళ్లు మా దాకా వస్తేగా. వ్రతానికి పిలిస్తే ఒంట్లో బాగాలేదంటారు. పేరంటానికి వెళ్లినా గడపలోనే తాంబూలం పుచ్చుకుని తిరుగుముఖం పడతారు. గుడికి రావద్దని వాళ్లకెవరూ చెప్పలేదు. అర్చకులు అడిగిన ప్రశ్న అడక్కుండానే తీర్పు చెప్పేసుకుని, శిక్ష కూడా వేసుకున్నారు. నాకు శాస్త్రం మీద పెద్ద కోపం లేదు, అక్కడ కనీసం వాదించడానికి ఒక మనిషి దొరుకుతాడు.

ఈమధ్య నరసరావుపేట నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. కోడలు మందుల చీటీ కోసం బయటికి వెళ్లాక, తిరుమల వెళ్లి ఏళ్లయిందని మెల్లిగా బయటపెట్టారు. నేను మైల గురించి, దర్జీ గారి వజూ గురించి ఉత్సాహంగా మొదలెట్టాను.

“దేవుడి సంగతి నేను చూసుకుంటాలే నాయనా. కంపార్టుమెంటులో కూర్చోబెడితే ఎంతసేపు ఆపుకోగలనో అది చెప్పు.”

వ్యాయామాల కాగితం ఇచ్చాను. వచ్చినా రాకపోయినా రెండు గంటలకోసారి వెళ్లమన్నాను. కంపార్టుమెంట్ల దగ్గర మరుగుదొడ్లు ఉన్నాయన్నాను. కొండెక్కే రోజు పొద్దున కాఫీ మానమన్నాను. అన్నిటికీ తలూపి, కాఫీ మాత్రం మాననన్నారు.