రెండు అక్షరాలు

2017 డిసెంబర్‌లో, అమెరికాలోని నాష్‌విల్‌లో ఉన్న వాండర్‌బిల్ట్ ఆస్పత్రిలో, రాడోండా వాట్ అనే నర్సు మందుల అల్మరా స్క్రీన్ మీద రెండు ఇంగ్లిష్ అక్షరాలు టైప్ చేసింది: వి, ఈ. స్కానింగ్ అంటే భయపడుతున్న 75 ఏళ్ల పేషెంటుకి ఆందోళన తగ్గించే వెర్సెడ్ ఇవ్వాలి. ఆ అల్మరా వెతికేదేమో జెనెరిక్ పేర్లతో. వెర్సెడ్ జెనెరిక్ పేరు మిడజోలామ్. కాబట్టి దొరకలేదు. ఓవర్‌రైడ్ నొక్కి మళ్లీ వెతికితే వెక్యురోనియం వచ్చింది. ఊపిరి ఆడించే కండరాలతో సహా ఒంట్లో కండరాలని చచ్చుబడేసే మందు అది. పేషెంటు బతకలేదు. 2022 మార్చిలో జ్యూరీ ఆ నర్సుని దోషి అంది. మేలో మూడేళ్ల ప్రొబేషన్ పడింది.

ఆమె తప్పేం లేదని నేననను. సీసా మూత మీదే హెచ్చరిక ఉంది. వెర్సెడ్ ద్రవం, వెక్యురోనియం పొడి. పొడిని కలుపుతున్నప్పుడైనా చెయ్యి ఆగాల్సింది.

కానీ ఓవర్‌రైడ్ తాము రోజూ చేసేదేనని ఆమె నర్సింగ్ బోర్డు విచారణలో చెప్పింది. నాకు అక్కడే మనసు ఆగిపోయింది. నొక్కకపోతే పని జరగని బటన్‌ని మినహాయింపు అని ఎలా అంటాం? ‘నాన్నా పులి’ కథలో ఉత్తుత్తినే అరిచిన పిల్లాడిని తప్పుపడతాం. ఆస్పత్రిలో పొద్దస్తమానం అరిచేది స్క్రీన్. నిజంగా పులి వచ్చిన రోజు మాత్రం బోనులో నిలబెట్టేది నాన్నని.

చట్టానికి ఒక వేలు కావాలి, ఆఖర్న నొక్కిన వేలు. రెండక్షరాలకే మందుల జాబితా చూపించాలన్న నిర్ణయం ఏదో మీటింగ్‌లో, ఏదో టికెట్‌లో జరిగిపోయి ఉంటుంది, దానికి వేలిముద్రలుండవు. అలాగని తప్పు అందరిదీ అనేస్తే చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది. పోయిన మనిషి కుటుంబానికి ఆ మాట ఎలా చెప్తాం? మా ఇంజనీర్లు ‘యూజర్ ఎర్రర్’ అని రాసి టికెట్ మూసేయడం కూడా ఒక తీర్పే. అప్పీలు లేని తీర్పు.

కనీసం ఐదు అక్షరాలు టైప్ చేయించాలని ఇన్‌స్టిట్యూట్ ఫర్ సేఫ్ మెడికేషన్ ప్రాక్టీసెస్ సిఫార్సు చేసింది. మూడంటే మూడు అక్షరాలు ఎక్కువ. అయితే అవి ఊరికే రావు. పేషెంటు ప్రాణం మీదికొచ్చినప్పుడు, గ్లవ్స్ వేసుకున్న చేత్తో, ఆ మందు స్పెల్లింగ్ గుర్తు తెచ్చుకుంటూ కొట్టాలి. రెండు చాలు అన్న మనిషి కూడా బహుశా నర్సుల టైమ్ మిగులుద్దామనే అనుకుని ఉంటాడు.