మేక కొరికిన కొమ్మ



హైదరాబాదులోని హైటెక్ సిటీకి ఒక బిడ్డనైనను పంపని గ్రామసంఘము మనలో అరుదు. 1998 నవంబరు 22వ తేదీన మాదాపూరు బండల నడుమ సైబర్ టవర్స్ అను కట్టడము ప్రారంభమైనది. నాటినుండి ఆ రాళ్లగుట్టల చోట అద్దాల మేడలు లేచినవి. 2019లో మెట్రో రైలు కూడ అచ్చటికి చేరినది. మనము పొలములమ్మిన డబ్బు, తల్లులు పుస్తెలు కుదువబెట్టి తెచ్చిన డబ్బు అక్కడి చదువులలోను అద్దెలలోను ఉన్నది. కాబట్టి అక్కడ గాలి వీచినయెడల ఇక్కడ మన దీపములు రెపరెపలాడును.

క్రిందటి మాసమున మేము కొండాపూరులో అద్దెకుండు మన సంఘపు యౌవనస్థుని చూడబోతిమి. ఆరేండ్లు పనిచేసిన కంపెనీవారు అతనిని తీసివేసిరి. 2022, 2023 సంవత్సరములలో లోకమంతట ఇట్టి కంపెనీలు వేలకొలది పనివారిని తీసివేసినవి. ఆ గాలి పూర్తిగా అణగలేదు. ఈ వార్త వినిన దినముననే మేము ఫోనులో అతనికి యోహాను సువార్త 15వ అధ్యాయము జ్ఞాపకము చేసి, తోటమాలియైన తండ్రి నిన్ను కత్తిరించెను, ఇకమీదట మరి ఎక్కువగా ఫలింతువని చెప్పితిమి. ఫోను పెట్టివేసి, మంచి మాట చెప్పితిమని సంతోషించితిమి కూడ.

అతని గదిలో కూర్చున్న తరువాత అతడు నెమ్మదిగా అడిగెను. “అయ్యగారూ, ఒక్క దినమున మా జట్టులో పదునలుగురము పోతిమి. అందరిలోను పనికిరాని కొమ్మలే యుండెనా? నాలో పనికిరానిది ఏదో చెప్పండి, మానుకొందును.”

మా నోట మాట రాలేదు.

అతని ప్రక్క వాటాలో ఒక వృద్ధుడు, పూర్వము బడిపంతులు, కాపురమున్నాడు. ఆయన మన విశ్వాసమువాడు కాడు. ఆయన వరండా నిండ కుండీలే. మర్రి, రావి, కాగితపు పూల చెట్టు, అన్నియు జానెడు మూరెడు ఎత్తున, ముసలి చెట్లవలె వంకరలు తిరిగి నిలిచియున్నవి. ఈ విద్యను బోన్సాయ్ అందురు. వాటిలో ఒకటి మనమెరుగని తీగ. పేరు విస్టీరియా. చైనా, జపాను దేశములలో పుట్టినది. మన చిక్కుడు, కానుగ కుటుంబములోనిదే. రేల పూవులవలె గుత్తులుగా క్రిందికి వ్రేలాడి పూయును గాని రంగు ఊదా. చెట్టును ఎంత చిన్నదిగా పెంచినను పూగుత్తి మాత్రము చిన్నది కాదట!

ఆ తీగను కత్తిరించు విధమును మేము అడుగగా ఆయన సంతోషముతో చెప్పెను. దానిని వదలివేసినయెడల బారలకొలది తీగలు సాగి, ఆకులే గాని పూత ఉండదు. నత్రజని యెరువు ఎక్కువ వేసినను అంతే. విత్తనమునుండి పెంచినది పూయుటకు పది పదునైదేండ్లు, ఒకప్పుడు అంతకు మించియు పట్టును. వేసవిలో ఒకసారి పొడుగు తీగలను కొన్ని ఆకులుంచి కత్తిరింతురు; చలికాలమున మరల రెండు మూడు కన్నులు మాత్రముంచి కత్తిరింతురు. ఆకు వచ్చు కన్ను సన్నగా మొనదేరి యుండును, పూత వచ్చు కన్ను గుండ్రముగా బలిసి యుండును. ఈ భేదము తెలియనివాడు కత్తెర పట్టరాదు. కత్తిరించిన చేయియే ప్రతి దినము నీరు పోయవలెను, మండువేసవిలో కుండీని నీడకు మోయవలెను. ఆయన తీగ తొమ్మిదేండ్లుగా ఒక్క పువ్వైనను పూయలేదు. హైదరాబాదు చలి దానికి చాలదని ఆయనకు తెలియును, అయినను విడువలేదు. (మేమైతే రెండవ యేటనే పీకివేసియుందుము.)

మా యౌవనస్థుడు ఆ తీగ మొదటనున్న రెండు మచ్చలను చూపి, ఇవి ఏమని అడిగెను. ఒకటి గుండ్రముగా మూసికొని నున్నగా ఉన్నది. రెండవది గరుకుగా, లోపల తొర్ర పడియున్నది. పంతులుగారు చెప్పినది ఇది: “నున్ననిది నేను కోసినది. గరుకుది మేక కొరికినది. మొదటి యేడు దీనిని మా ఊరి పెరటిలో ఉంచితిని, మేక బెరడుతో కూడ లాగినది. తరువాత నేను చీలికలు తీసి, పచ్చి కట్టె వచ్చువరకు శుభ్రము చేసితిని. ఆ క్రిందినుండి లేచినదే ఇప్పుడు మీరు చూచుచున్న పెద్దకొమ్మ.”

సహోదరులారా, మనము మేకలు తోలిన జనము. మేక కొరికిన కొమ్మను చూచి, తోటమాలి ఎంత చక్కగా కోసెనని ఎవరమైనను అందుమా? మేక కన్నును చూడదు, కాలమును చూడదు, ఆకలిని చూచుకొనును. మేము ఫోనులో ఆ బిడ్డతో మేక పనిని మన తండ్రికి అంటగట్టితిమి.

ఇంటికి వచ్చి ఆ అధ్యాయమును మరల చదివితిమి. కత్తిరించుటను గూర్చి 2వ వచనములోని మాటకును, శిష్యులు పవిత్రులని 3వ వచనములోనున్న మాటకును గ్రీకు భాషలో మూలమొక్కటే, శుభ్రపరచుట అని. వారు శుభ్రులైనది దేనివలన? ప్రభువు తమతో చెప్పిన మాటవలన. అక్కడ కత్తెర ఆయన వాక్యమే. కంపెనీవారు పంపిన ఉత్తరము కాదు. 80వ కీర్తనలో ఐగుప్తునుండి తెచ్చి నాటిన ద్రాక్షావల్లిని అడవిపంది పాడుచేయుచున్నది. కీర్తనకారుడు, కంచె ఎందుకు పడగొట్టితివని దేవునినే నిలదీసి అడుగును. యెషయా 5వ అధ్యాయములో కంచె తీసినవాడు యజమానుడేనన్న సంగతి మేము మరువలేదు. అది కష్టమైన మాట, దానిని తేలిక చేయము. అయినను కీర్తనకారుడు అడవిపందిని తోటమాలి అని పిలువలేదు. వచ్చి ఈ తీగను చూడుమని మాత్రము తోటమాలిని వేడుకొనెను.

జపానులోని అషికాగా అను ఊరిలో ఒక మహా విస్టీరియా ఉన్నది. దాని పూర్వపు స్థలము కట్టడముల క్రిందికి పోవలసి రాగా, 1996లో దానిని ఇరువది కిలోమీటర్ల దూరమునకు మార్చిరి. కోనామి త్సుకామోతో అను వృక్షవైద్యురాలు రెండేండ్లు ముందుగా వేళ్లను సిద్ధపరచి, విరిగిన ఎముకకు కట్టినట్లు మ్రానుకు ప్లాస్టరు కట్టు కట్టించెను. నూరేండ్లు దాటిన ఆ తీగ బ్రదికి, నేటికిని పూయుచున్నది.

మేము ఆ యౌవనస్థుని యెదుట మా మాటను వెనుకకు తీసికొని, క్షమించుమని అడిగితిమి. ఇది వ్రాయునాటికి అతనికి ఉద్యోగము రాలేదు. ప్రార్థనలో జ్ఞాపకము చేసికొనుడి. అతని తల్లి మన సంఘములోనే యున్నది. ఆదివారము ఆమె ప్రక్కన కూర్చుండుడి, కారణములు చెప్పకుడి.

ఆ సాయంకాలము పంతులుగారికి ఇంకొక పని మిగిలియుండెను. ఒక కొమ్మను వంచుటకు చుట్టిన వైరు బెరడులోనికి దిగుచుండెను. చీకటి పడినందున మన కుర్రవాడు ఫోను వెలుగు చూపెను. ఆయన వైరును విప్పలేదు. విప్పినయెడల బెరడు లేచి వచ్చునట. చుట్టు వెంబడి చుట్టు కత్తిరించి, ముక్కముక్కగా తీసి కుర్రవాని అరచేతిలో పెట్టుచుండెను.