ముందు కాగితం రాయి తల్లీ

అమ్మలూ,

మీ రైతు ఉత్పత్తిదారుల కంపెనీ తరఫున నందిగామలో బ్యాంకువాళ్ల ముందు, సభ్యుల ముందు నువ్వే మాట్లాడబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ప్రాణం లేచొచ్చింది. మిర్చి ఆరబెట్టే షెడ్డు, గ్రేడింగు యంత్రం మనవైపు ఎప్పుడో రావాల్సినవి. కల్లంలో కాయ పోసి, మబ్బు పట్టగానే పట్టాల కోసం పరుగెత్తడం నువ్వు చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. ఈ పని సాగాలి. అందుకే ఒక మాట గట్టిగా చెబుతున్నాను. తెర మీద చూపించే స్లైడ్ల సంగతి తర్వాత, ముందు చేతికిచ్చే కాగితం రాయి.

బ్యాంకులో ఫీల్డాఫీసరుగా ఉన్నన్నాళ్లూ బల్లకు అవతలివైపు కూర్చున్నవాణ్ణి నేను. నువ్వు చెప్పేది వినేది మేనేజరు. పెద్ద అప్పు మంజూరు చేసేది చాలాసార్లు పైఆఫీసులో ఇంకొకరు. ఆయన నిన్ను చూడడు, నీ మాట వినడు. ఆయన ముందున్న ఫైల్లో నీ కాగితమే ఉంటుంది. రైతుల సంగతీ అంతే. వాటా డబ్బు కట్టాలా వద్దా అన్నది మీటింగులో తేలదు, రాత్రి ఇంట్లో అన్నాల దగ్గర తేలుతుంది. అక్కడా నువ్వుండవు.

స్లైడ్లనే పేజీకి ఆరేసి చొప్పున జిరాక్స్ తీయించి పంచుతుంటారు చాలామంది. నువ్వా పని చెయ్యకు. స్లైడు మీద నాలుగు ముక్కలుంటే మిగతాది నువ్వు నోటితో చెబుతావు. కాగితంలో ఆ మిగతాది కూడా ఉండాలి. అలాగే బ్యాంకుకీ రైతుకీ ఒకే కాగితం వద్దు. బ్యాంకుకు ఖర్చు, రాబడి, వాయిదాల పట్టికతో రెండు మూడు పేజీలు చాలు. రైతుకు తెలుగులో ఒకే ఒక్క పేజీ, పెద్ద అక్షరాల్లో. కళ్లజోడు మర్చిపోయొచ్చిన పెద్దాయన కూడా చదవగలగాలి.

ఆ పేజీలో శాతాలు తగ్గించి రూపాయలు రాయి. 2020లో మొదలైన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల వరకు అప్పుకు 3 శాతం వడ్డీ రాయితీ, 7 ఏళ్ల దాకా ఉంటుందని నువ్వు స్లైడులో పెడతావు. రైతుకు మాత్రం, కోటి రూపాయల బాకీ మీద ఏడాదికి 3 లక్షల వడ్డీ తగ్గుతుందని రాయి. మీ కంపెనీ కేంద్రం 10,000 సంఘాల పథకంలోదే కాబట్టి, సభ్యుడు కట్టిన వాటాకు సమానంగా ప్రభుత్వం ఇచ్చేది మనిషికి 2,000 వరకు, మొత్తం మీద 15 లక్షలు మించకుండా ఉంటుంది. దాన్ని "మీరు 1,000 కడితే దానికి జతగా ఇంకో 1,000" అని చెప్పు. గడువులు, షరతులు మారుతుంటాయి, ప్రింటుకు ముందు బ్యాంకులో అడిగి సరిచూసుకో.

పేజీ అడుగున మూడు ఖాళీ గడులు వదులు: మిర్చి ఎన్ని ఎకరాలు, ఎన్ని క్వింటాళ్లు, అందులో తాలు ఎంత. పెన్నులు నువ్వే పట్టుకెళ్లు. తన తాలు లెక్క తన చేత్తో రాసుకున్న మనిషి ఆ కాగితాన్ని పల్లీల పొట్లం చుట్టడు, జేబులో పెట్టుకుంటాడు. గ్రేడింగు ఎందుకో నువ్వు చెప్పబోయేలోపే అతనికి సగం అర్థమవుతుంది.

డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన తెలుగు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలన్నీ గజిబిజి అయిపోతాయి. అందుకని పీడీఎఫ్ చేయించుకుని, ఒక కాపీ ప్రింటు తీసి చదివాకే మిగతావి తీయించు. తలకట్టులో ఎన్టీఆర్ జిల్లా అని ఉందో లేదో చూడు. 2022 ఏప్రిల్‌లో జిల్లా మారినా పాత ఫైలు మీద కొట్టిన కాగితాల్లో కృష్ణా జిల్లా అనే మిగిలిపోతోంది.

తేదీ, కంపెనీ పేరు, తయారుచేసినవాళ్ల పేరు, ఊరు తప్పకుండా వెయ్యి. మన జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన శాసనం గుర్తుందా? ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు ఇచ్చాడు. ఏ రోజు, ఏ ఊరివాడు, ఎవరి కొడుకు, ఇంట్లో ఎవరెవరితో కలిసి ఇచ్చాడు, అన్నీ చెక్కించాడు. అది 3వ శతాబ్దం నాటి మాట. అంత వివరంగా రాయించాడు కాబట్టే ఆ పనివాడి ఇంటిల్లిపాదీ ఇవాళ మనకు తెలుసు.

ఇక మాట్లాడటం సంగతి. పగటిపూట కిటికీల వెలుతురులో తెర మీద అంకెలు వెనక వరసకు కనిపించవు, కరెంటు పోతే ముందు వరసకూ కనిపించవు. అందుకని అంకెల కాగితం మొదట్లోనే పంచి, ఒక్కో వరస మీద వేలు పెట్టించి చెప్పు. మేనేజరుగారికివ్వాల్సిన పేజీలు మాత్రం చివర్లో, చేతికి అందించు. స్లైడు వైపు తిరిగి చదవకు, మనుషుల్ని చూడు. టన్నులు బ్యాంకుకు చెప్పు, రైతులకు క్వింటాళ్లలో, టిక్కీ బస్తాల్లో చెప్పు. తెలియనిది అడిగితే తెలుసుకుని చెబుతానని, అడిగినాయన పేరూ ఊరూ అక్కడే రాసుకో. తర్వాత మర్చిపోకుండా ఫోన్ చెయ్యి.

ఆదివారం పేట వచ్చినప్పుడు ఆ మొదటి ప్రింటు నాకు తెచ్చి చూపించు. పట్టికలో కూడికలన్నీ నేను కూర్చుని సరిచూస్తాను. అవి సరిపోయాకే జిరాక్స్ షాపుకు వెళ్లు.

మీ పెదనాన్న