వాటాల్లో రాని అప్పు

పెదనాయన అరుగు మీద కూర్చుని కొయ్య గరిటెకు నూనె పట్టిస్తున్నాడు. ఉదయగిరిలో చెక్కిన గరిటె, కాడ వేలంత సన్నం. చిన్నాయన పెద్దకర్మ అయి వారమైంది. నలభై ఆరేళ్ల మనిషి. ఆత్మకూరు దగ్గర పొలంలో మోటారు వేయడానికి పోయి గట్టు మీదే కూలిపోయాడు. మా తాత కూడా యాభై దాటకుండానే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట.

"పెదనాయనా, చిన్నాయన పిల్లలిద్దరికీ ఈసీజీ, ఎకో తీయిద్దాం," అన్నాను.

"ఏందిరా అబ్బయా! ఆడపిల్లకి సంబంధాలు చూస్తుండాం. ఇప్పుడు గుండె పరీక్షలంటే నలుగురూ ఏమనుకుంటారు? వాడికి హార్ట్ ఎటాక్ వచ్చింది, పోయాడు. వాడి రాత."

"మనం ఆ ఒక్క మాట అనేసి ఊరుకుంటాం. దాని కింద మూడు జబ్బులు దాగుంటాయి. రక్తనాళం పూడుకుపోవడం ఒకటి. గుండె కండరమే చెడిపోవడం రెండోది. కండరం బాగానే ఉన్నా దాన్ని నడిపే కరెంటు లయ తప్పడం మూడోది. చివరి రెండూ చాలాసార్లు వంశంలో దిగివస్తాయి."

ఆయన చేతిలోని గరిటె చూపించాను. "ఇందులో చారలన్నీ ఒకే వాలున ఉండబట్టే ఇంత సన్నం కాడ విరగకుండా నిలిచింది. కండరం మందమెక్కే జబ్బులో పోగులు అడ్డదిడ్డంగా పెనవేసుకుంటాయి, కరెంటు వాటి మధ్య దారి తప్పుతుంది. గుండె గోడ మామూలుగా 12 మిల్లీమీటర్లు దాటదు. 15 ఉందంటే డాక్టర్లు ఈ జబ్బును అనుమానిస్తారు. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా."

పెదనాయన బొటనవేలితో కాడను తడిమాడు. "2022 ఫిబ్రవరిలో మేకపాటి గౌతమ్ రెడ్డిని మన ఉదయగిరికే తెచ్చి సాగనంపారు. ఆత్మకూరు ఎమ్మెల్యే, మంత్రి. హైదరాబాద్‌లో ఉన్నట్టుండి గుండె ఆగిపోయింది. అంతటివాడికే తప్పలేదు, మనమెంత?"

"ఆయన మరణానికి కారణం వెతకడం మన పని కాదు. మన ఇంట్లో రెండు తరాల్లో రెండు చావులున్నాయి. వాటికి కారణం వెతకడం మన పనే."

"వెతికితే దొరుకుద్దా?"

"2009లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన కుమారసామి తంగరాజ్, ఆయన తోటి శాస్త్రవేత్తలు ఒక సంగతి బయటపెట్టారు. గుండె కండరానికి కావాల్సిన ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువుల్లో ఎంవైబీపీసీ3 ఒకటి. మన ఉపఖండంలో నూటికి దాదాపు నలుగురిలో అందులో 25 డీఎన్‌ఏ అక్షరాలు లేవు. ఆ లోపమున్నవాళ్లకు గుండె కండరం జబ్బుపడే ముప్పు ఏడు రెట్ల దాకా ఎక్కువని లెక్క తేల్చారు."

"నూటికి నలుగురంటే మన వీధిలోనే ఉంటారు. అందరూ పడిపోవడం లేదే?"

"ఆ ప్రశ్నే మళ్లీ పరిశోధనకు దారితీసింది. ఆ లోపం ఒక్కటే ఉంటే ముప్పు పెద్దగా లేదనీ, అదే జన్యువులో కొద్దిమందికే ఉండే మరో మార్పు దానికి తోడై వస్తున్నదనీ, అసలు దోషి అదేననీ 2020లో ఇంకో బృందం చెప్పింది."

"చూశావా, పదకొండేళ్లకు మాట మారింది."

"రీసర్వేలో గట్టు రాయి నాలుగడుగులు జరిగిందని పొలమే లేదంటామా? మళ్లీ కొలిచేవాళ్లున్నారు కాబట్టే ఆ హద్దును నమ్మొచ్చు."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది నేను ఎదురుచూడని ప్రశ్న.

"సరే. ఉందని తేలితే ఆ పిల్ల రోజూ చావును తలుచుకుంటా బతకాలా? తెలుసుకోకుండా ఉండే హక్కు దానికి లేదా?"

ఆ మాటలో న్యాయముంది. తడబడ్డాను. "ఉంది. వద్దనుకుంటే ఆ మాట చెల్లెలు చెప్పాలి. ఇప్పుడు దాని తరఫున మనం వద్దంటున్నాం, అదీ దానికి చెప్పకుండా. తల్లిదండ్రుల్లో ఒకరికి అలాంటి మార్పు ఉంటే ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం సగం. వచ్చినా కొందరికి ముసలితనం దాకా ఏమీ కాదు. ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు మందులున్నాయి. లయ తప్పగానే షాక్ ఇచ్చి గుండెను దారిలో పెట్టే ఐసీడీ అనే చిన్న పరికరాన్ని చర్మం కింద అమరుస్తారు."

పెదనాయన గరిటె పక్కన పెట్టాడు.

"మా నాయన పోయినప్పుడు సొసైటీలో అప్పుండింది. మీ చిన్నాయనకు పద్నాలుగేళ్లు. భయపడతాడని చెప్పలా. వాటాలు పంచుకున్నప్పుడూ చెప్పలా. నోటీసు వాడి వాటా పొలం మీదికే వచ్చింది. అప్పటికి వడ్డీ అసలును దాటింది. 'ముందే చెప్పుంటే ఏటికింత కట్టుకునేవాణ్ణి గదన్నా' అన్నాడు. అంతే. ఇంకో మాట అనలేదు."

నేను రుజువు చేయాలని తంటాలుపడ్డది ఆయన తన బతుకులోంచి తీసి అరుగు మీద పెట్టాడు. నెత్తుట్లో వచ్చేది ఉమ్మడి ఆస్తి లాంటిది. దాని కాగితాలు ఒక వాటాదారు పెట్టెలో దాచి తక్కినవాళ్లకు మేలు చేశాననుకోకూడదు. ప్రేమతో దాచినా వడ్డీ ఆగదు.

"రేపు నెల్లూరు పోదాం," అన్నాడు పెదనాయన లేస్తూ. "ముందు నాది తీయించు. తర్వాత మీ నాయనది, నీది. పిల్లలిద్దర్నీ ఆఖర్న అడుగు, సరేనంటేనే. ఇంటిల్లిపాదీ చేయించుకున్నాక ఆడపిల్లనొక్కదాన్నే ఎవరు వేలెత్తి చూపుతారు?"